వదిన చేతి కొలత

ఉప్పుగూడ, హైదరాబాద్
8 జూన్ 2025

చిరంజీవి స్రవ్యకు,

వదిన ఉత్తరం రాసిందేమిటని కంగారు పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేస్తే మీ అన్న పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమంటాడు. ఈ సంగతి ఇప్పుడే ఆయన చెవిన పడకూడదు. అందుకే పోస్టాఫీసుకు పోయి, జపాన్‌కు ఎన్ని స్టాంపులు అంటించాలో కనుక్కుని మరీ రాస్తున్నాను.

మీ అన్న పెళ్ళి వంటలు ఒప్పుకుంటే, కూరగాయలు కోసే పని నాదీ నా వెంట వచ్చే ఆడవాళ్ళదీ. కింద కత్తిపీటలు వేసుకుని కూర్చుంటే బస్తాలకు బస్తాలు అవగొట్టేవాళ్ళం. జహనుమాలో మేం ఎప్పుడూ పోయే ఫంక్షన్ హాలు ఉంది కదా, దాని వంటిల్లు కొత్తగా కట్టారు. అన్నీ స్టీలు బల్లలే. ఆ హాలు చూసుకునే ఖైసర్ బేగం గారు మొన్న పిలిచి చెప్పారు. "కింద కూసునుడు బంద్, నాగమణమ్మా. బల్ల మీద నిలబడి కోస్తె సరే. లేకుంటె కోసిన తర్కారీ థైలీలల్ల బయటికెల్లి తెప్పిస్తం." దీపావళి తర్వాత మొదటి పెళ్ళిలో మా పని చూసి, హాలు పనంతా ఎవరికివ్వాలో తేలుస్తారట.

మీ అన్నకు చెబితే, "నిల్సుండి కోసుడు మనతోని కాదు. వదిలెయ్, గా హాలు పోతె ఇంకో హాలు" అన్నాడు. ఆయనకేం, గరిటె ఏ హాల్లోనైనా తిరుగుతుంది. రేపు అన్ని హాళ్ళూ ఇదే మాటంటే నేనూ నా ఆడవాళ్ళూ ఎక్కడికి పోవాలి? నేను వదలను.

బజార్లో పండ్లు కోసే చాకు కొని ప్రయత్నించాను. ఒక్క క్యాబేజీకే అరచేయి బొబ్బలెక్కింది. నువ్వు పంపిన వీడియోలో ముల్లంగి కోస్తున్నావు చూడు, మొన లేకుండా పలకలా ఉన్న కత్తితో, అలాంటిది నాకు కావాలి. అది ఎంత పొడవుంటే మంచిదో కనుక్కుని రాయి. తిండి సరిగ్గా తిను. సముద్రం చేపలు అలవాటయ్యాయా?

నీ వదిన,
నాగమణి

*

సకాయ్, జపాన్
24 జూన్ 2025

వదినా,

నీ ఉత్తరం చూసి నేను పనిచేసే వృద్ధాశ్రమం వంటింట్లో అందరూ మూగారు. ఇక్కడ కూడా ఉత్తరాలు రాసేవాళ్ళు తగ్గిపోయారట. నీ చేతిరాత చూసి, తీగలు పాకినట్టుంది అన్నారు. అవునులెమ్మని నవ్వాను.

మంచి ఊళ్ళో ఉన్న మనిషినే అడిగావు. సకాయ్ అంటేనే కత్తులు. నువ్వు చూసిన ఆ పలక కత్తిని నకిరి అంటారు. కూరగాయలకే వాడతారు. అంచు తిన్నగా ఉంటుంది కాబట్టి చెక్క మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకేసారి ఆనుతుంది, ముక్కలు తెగీ తెగకుండా దండలా వేలాడవు. ఇళ్ళలో పదహారున్నర సెంటీమీటర్లది వాడతారు, ఎక్కువ కోసేవాళ్ళు పద్దెనిమిది. పెద్ద హోటళ్ళలో ఇరవై ఒకటి కూడా చూశాను.

అన్న చేతులు నాకు తెలియవా, జంట చేటలు. ఆయనకు ఇరవై ఒకటి తప్ప ఏదీ ఆనదు. ఆయన చెవిన పడకూడదని రాశావంటే పుట్టినరోజుకు ఇద్దామనేగా? నేను కనిపెట్టేశానులే. అన్న నిలబడి కోయడం మొదలుపెడితే నీకూ కాస్త విశ్రాంతి. ఇన్నేళ్ళు కత్తిపీట ముందు కూర్చుని మోకాళ్ళు పాడుచేసుకున్నావు. ఇక చాలు.

చేపలు అలవాటయ్యాయి. పచ్చి చేప మాత్రం ఇంకా కాలేదు. పచ్చిపులుసు తాగాలనుంది.

నీ ఆడబిడ్డ,
స్రవ్య

*

ఉప్పుగూడ
9 జూలై 2025

స్రవ్యా,

మీ అన్న ఉల్లిగడ్డ కోసింది నువ్వెప్పుడైనా చూశావా? ఉత్తరమంతా చదివావు, "నాకు కావాలి" అన్న మాట ఒక్కటే నీ కంట పడలేదు. కత్తి అనగానే మగవాడికే అనుకున్నావు. కోసేది నేను. నిలబడేది నేను. నాకు విశ్రాంతి వద్దు, కత్తి కావాలి.

మళ్ళీ మొదటి నుంచి లెక్క వేయి. నా చెయ్యి చిన్నది. ఎత్తు నీకు తెలిసిందే, నీ భుజం దగ్గరికి వస్తాను. ఎక్కువగా కోయాల్సింది క్యాబేజీ, క్యాప్సికం, క్యారెట్, ఆనపకాయ. క్యాబేజీని సగానికి కోసి బ్లౌజులు కొలిచే టేపు పెట్టి చూశాను, ఆ కోత పదిహేను సెంటీమీటర్లు ఉంది. అందుకని పదహారున్నరది చాలేమో అని ఒకసారి అనిపిస్తుంది, పెళ్ళిళ్ళకొచ్చే పెద్ద గడ్డలు గుర్తొస్తే చాలదేమో అనిపిస్తుంది. గాజులైతే చెయ్యి పట్టి చూసి అంగడాయనే సైజు చెప్పేస్తాడు. దీనికి అలా చెప్పేవాళ్ళు ఇక్కడ లేరు. నువ్వే అడిగి చెప్పు.

ఇక్కడ బోనాల సందడి మొదలైంది. గల్లీలో సున్నాలు, మైకులు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు కాబట్టి నాకు తీరిక. రోజూ మధ్యాహ్నం తలుపు వేసుకుని, డబ్బా మీద చెక్క పెట్టి, ఆ పండ్ల చాకుతోనే నిలబడడం నేర్చుకుంటున్నాను. నా జట్టులోని ఆఫియాను కూడా పిలిచాను. ఆమె "అక్కా, కాళ్ళు గుంజుతున్నయ్" అంటుంది, అయినా మానదు.

నీ పచ్చిపులుసుకు చింతపండు పంపమంటావా?

వదిన

*

సకాయ్
27 జూలై 2025

వదినా,

తప్పయింది, లెంపలు వేసుకున్నాను. ఇక్కడ వేసుకుంటే నీకు కనబడదు కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం కత్తుల దుకాణానికి పోయి నీ కొలతలన్నీ వినిపించాను. దుకాణం ముసలాయన క్యాబేజీ లెక్క విని చాలా సంతోషించాడు. ఏ కూరగాయ ఎక్కువ కోస్తామో దాని వెడల్పు కంటే అంచు కనీసం రెండు వేళ్ళు మిగలాలట. మిగిలితేనే కత్తిని ముందుకు తోస్తూ కోయడానికి చోటు ఉంటుంది, లేకపోతే కొట్టినట్టు కోయాలి, మణికట్టు పోతుంది. మరీ పొడవైతే చిన్న చెయ్యి అలిసిపోతుంది, కొస ఎక్కడ తగులుతుందో తెలియదు. నీకు పద్దెనిమిది సరిగ్గా సరిపోతుంది అన్నాడు.

నకిరి బదులు అలాగే ఉండే ఇంకో రకం తీసుకున్నాను, ఉసుబా అంటారు. ఇక్కడ పెద్ద వంటవాళ్ళు వాడేది. దీన్ని ఒక పక్కే సాన పడతారు, రెండో పక్క చదునుగా ఉంటుంది. కోసిన పలచటి ముక్క అతుక్కోకుండా పక్కకు పడిపోతుంది. కుడిచేతికా ఎడమచేతికా అని అడిగాడు. మా ఇళ్ళలో ఎడమచేత్తో కత్తి పట్టేవాళ్ళు ఎవరుంటారని నవ్వి, కుడిచేతికే అన్నాను.

మాతో పనిచేసే తారిక్ సెలవుకు వస్తున్నాడు. వాళ్ళ ఇల్లు జహనుమాలోనే. పెట్టెలో సర్ది పంపాను. అతనే వచ్చి ఇస్తాడు, చాయ్ ఇచ్చి పంపు. వేలు జాగ్రత్త.

నీ
స్రవ్య

*

ఉప్పుగూడ
20 ఆగస్టు 2025

స్రవ్యా,

తారిక్ వచ్చి కత్తి ఇచ్చాడు. చాయ్ తాగి, వాళ్ళమ్మ పంపిన ఖుబానీ మీఠా కూడా ఇచ్చి పోయాడు. కత్తి చూస్తే కళ్ళు చెదిరాయి. పసుపు కుంకుమ పెట్టి దేవుడి దగ్గర ఉంచి తీశాను. దాని మీద చెక్కిన అక్షరాలేమిటో రాయి.

అయితే ఒక మాట చెప్పాలి, ఏమనుకోకు. పొడవు ఎక్కువైనట్టుంది. క్యాబేజీలో తిన్నగా దిగదు. నేను ఒకవైపు తోస్తే అది ఇంకోవైపు పోతుంది. పైన కాగితంలా మొదలైన ముక్క కింద వేలంత లావు అవుతుంది. రోజూ కోస్తున్నాను, రోజూ అదే వరస. మొన్న హాలుకు పోయి ఖైసర్ బేగం గారి ముందు కోసి చూపించాను. ఆమె ఒక ముక్క తీసి వెలుతురుకు పెట్టి చూసి, "గిట్ల దొడ్డుగ కోస్తె సలాడ్ ఎట్లయితది, నాగమణమ్మా? ఇంక టైం ఉంది, నేర్చుకో" అన్నారు. ఆమె మంచిగానే అన్నారు, నాకే తల కొట్టేసినట్టయింది. ఆ రోజు వేలు కూడా తెగింది, పెద్దదేం కాదు.

పదహారున్నరది దొరికితే పంపగలవా? ఇది తిరిగి తీసుకుంటారా? నీ కష్టార్జితం కదా, అడగడానికి నోరు రావడం లేదు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే దీపావళి దగ్గరికొస్తోంది.

వదిన

*

సకాయ్
4 సెప్టెంబర్ 2025

వదినా,

ఏమనుకోకు అన్నావు కానీ అనుకున్నాను. పద్దెనిమిది నేను గాలిలోంచి తేలేదు. నువ్వు టేపు పెట్టి కొలిచిన కొలత నుంచే వచ్చింది. ఇంకో కత్తి కొనడం నాకు కష్టం కాదు, కానీ తప్పెక్కడో తెలియకుండా కొంటే అదీ ఇలాగే అవుతుంది.

మా వంటింట్లో అచ్చం అలాంటి ఉసుబానే ఉంది, అదే పొడవు. నీ ఉత్తరం వచ్చిన రోజే ఒక క్యాబేజీ మొత్తం కోశాను. తిన్నగా దిగింది. నేనేం పెద్ద వంటగత్తెను కాను, నాకే దిగితే నీకెందుకు దిగదు? భుజం బిగిస్తున్నావా? మోచేయి పైకెత్తి కోస్తున్నావా? మనసు కత్తిపీట మీదే ఉండి, చేతులు బల్ల మీద ఉన్నాయేమో.

ఇంకోటి. మొన్న అన్నతో ఫోన్లో మాట్లాడుతూ కత్తి ఎలా ఉందని అడిగేశాను. ఈపాటికి చెప్పి ఉంటావనుకున్నాను. ఆయనకు తెలియదట. అరిచాడు, తర్వాత నవ్వాడు. "గామెకు ఎంత జెప్పిన ఇనదు. ఇన్నేండ్లు కింద కూసోని కోసింది, ఇప్పుడు నిల్సుంటే చేతులు తిరుగుతయా?" అన్నాడు. కోపం తెచ్చుకోకు వదినా, ఆ మాట కొంత నిజమేమో. అందరికీ అన్నీ రావాలని లేదు. ఆఫియాకు నేర్పి ఆమెను నిలబెట్టు, నువ్వు పక్కన ఉండి చూసుకో. హాలు పని పోకుండా ఉంటే చాలు కదా.

స్రవ్య

*

ఉప్పుగూడ
19 సెప్టెంబర్ 2025

స్రవ్యా,

నీ ఉత్తరం చదివి చాలా కోపం వచ్చింది. మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన ఉండి చూసుకోవడానికి నేనేం పెళ్ళిపెద్దనా? ఆ పని నాది.

కానీ నీ ఉత్తరం ఒక మేలు చేసింది. ఆఫియాను నిలబెట్టమన్నావు కదా, సరే అని నీ కత్తి ఆమె చేతికిచ్చాను. ఆమె నాకంటే అంగుళం పొట్టి, చేతులు నావంతే. క్యాబేజీ మీద పెట్టి తోసింది. దారాలు దారాలుగా రాలింది. ఆమె నోరు తెరిచి నన్ను చూసింది, నేను కత్తిని చూశాను. అంటే పొడవు తప్పు కాదు.

అప్పుడు కత్తిని తిప్పి తిప్పి చూశాను. ఒక పక్క చదును, ఒక పక్క ఏటవాలు. ఆఫియా పట్టినప్పుడు చదును పక్క క్యాబేజీకి ఆనుతుంది. నేను పట్టినప్పుడు ఏటవాలు పక్క ఆనుతుంది. ఎందుకంటే ఆఫియా కుడిచేత్తో కోస్తుంది, నేను ఎడమచేత్తో కోస్తాను.

అవును. నాది ఎడమచెయ్యి. నీకు తెలియదు, మీ అన్నకూ తెలియదు. తినడం, రాయడం, వడ్డించడం కుడిచేత్తోనే నేర్చుకున్నాను. అవి నేర్చుకుంటే వస్తాయి, కోయడం రాలేదు. నా చేతిరాత తీగలు పాకినట్టు ఎందుకుందో ఇప్పుడు మీ వంటింటి వాళ్ళకు చెప్పు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, నువ్వు పలక పట్టుకుని బడికి పోతున్న రోజుల్లో, ఎడమచేత్తో చాకు పట్టి బెండకాయలు కోస్తుంటే మీ అమ్మ చూసింది. "ఎడమచేత్తోని కోసింది నా ఇంట్ల పొయ్యెక్కది" అని గిన్నెడు బెండకాయలు బర్రెకు వేసింది. పోయినామెను తప్పు పట్టడానికి రాయడం లేదు, నన్ను కూతురిలా చూసుకున్న మనిషే. ఆ మాట మాత్రం అట్లా అన్నది. ఆ రోజు నుంచి కత్తిపీటే నాకు దిక్కయింది. కత్తిపీట మీద కత్తి కదలదు, కూరగాయను రెండు చేతులూ కలిసి తోస్తాయి. ఏ చెయ్యి కోసిందో ఎవరూ చెప్పలేరు. అందుకే దాని మీద అంత పేరు తెచ్చుకున్నాను.

ఇప్పుడు బల్ల దగ్గర నిలబడితే ఒక చేతిలో కాయ, ఒక చేతిలో కత్తి. దాచే వీల్లేదు. ఇంట్లో తలుపు వేసుకుని ఎడమచేత్తో కోస్తున్నాను, అప్పుడు కత్తి పక్కకు పోతోంది. ఖైసర్ బేగం గారి ముందు కుడిచేత్తో కోశాను, అప్పుడు వేలు తెగింది. కుడిచేతికే అన్నానని నువ్వు రాసినప్పుడు, పిడిలో ఏదో తేడా ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను. చెప్పడానికి సిగ్గేసింది. ఈ వయసులో ఇంకా సిగ్గేమిటి?

కాబట్టి విను. పద్దెనిమిదే. అర సెంటీమీటరు కూడా తగ్గించకు. ఎడమచేతిది గానీ, రెండు పక్కలా సాన పట్టింది గానీ పంపు. దీపావళికి ముందు రావాలి. ఇది ఆఫియాకు ఇచ్చేశాను. ఆ హాల్లో అందరి ముందూ నేను ఎడమచేత్తోనే కోస్తాను.

నాగమణి

*

సకాయ్
5 అక్టోబర్ 2025

వదినా,

నీ ఉత్తరం చదివి బస్సు దిగాల్సిన చోట దిగలేదు. నా జడ నువ్వే వేసేదానివి, రోజూ ఎడమవైపు పాయ బిగుతుగా ఉండేది. నా తలే వంకరని అనుకునేదాన్ని.

అమ్మ అలా అన్నదంటే మొదట నమ్మబుద్ధి కాలేదు. తర్వాత అమ్మ గొంతుతోనే ఆ మాట వినిపించింది. నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అమ్మ మీద కోపం తెచ్చుకోలేను, నువ్వు పడింది మర్చిపోనూ లేను.

దుకాణానికి పోయాను. ఎడమచేతి ఉసుబా కావాలంటే చేయించాలి, నెలలు పడుతుంది. అందుకని నకిరి తీసుకున్నాను, రెండు పక్కలా సాన, ఏ చేతికైనా ఒకటే. పద్దెనిమిది సెంటీమీటర్లు. మొదటిది కుదరలేదని విని, ఈసారి పదహారున్నరది చూడమన్నాడు ముసలాయన. మా వదిన కొలత చెప్పేసింది, ఇక మార్చదు అన్నాను. మెచ్చుకుంటూ తల ఊపి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. పార్సిల్‌లో వేశాను.

భయం ఒక్కటే. పెళ్ళింట్లో ఎవరో ఒకరు అంటారు. శుభకార్యం అంటారు. అందరి ముందూ నిన్ను చిన్నబుచ్చితే? అన్నకు చెప్పావా? ఆయన అమ్మ కొడుకు. నేను ఫోన్ చేసి మాట్లాడనా?

నీ
స్రవ్య

*

ఉప్పుగూడ
20 నవంబర్ 2025

చిరంజీవి స్రవ్యకు,

నువ్వు ఫోన్ చేయలేదు, మంచి పని చేశావు. మీ అన్నకు నేనే చెప్పాను. కత్తి రాగానే ఆయన ముందే నిలబడి ఎడమచేత్తో క్యాబేజీ కోసి చూపించాను.

"అమ్మ ఉంటే ఏమంటుండె?" అన్నాడు.

"అమ్మ ఉంటే అమ్మకు జవాబు చెప్తుంటి. ఇప్పుడు నీకు చెప్తున్న" అన్నాను.

లేచి బయటికి పోయాడు. ఆ తర్వాత పెళ్ళి రోజు దాకా ఆ ఊసే ఎత్తలేదు. నేను రోజూ కోస్తూనే ఉన్నాను. ఈ కత్తి నా మాట వింటుంది స్రవ్యా. రెండు వేళ్ళ అంచు మిగులుతుంది, తోస్తే తిన్నగా దిగుతుంది, భుజం నొప్పి లేదు.

మొన్న ఆదివారం హాల్లో దీపావళి తర్వాత మొదటి పెళ్ళి, శాకాహారులది. పొద్దున్నే పోయి బల్ల దగ్గర నిలబడ్డాం. నాకు ఎదురుగా ఆఫియా, మిగతా వాళ్ళు అటూ ఇటూ. క్యాబేజీ సగం అయిందో లేదో పెళ్ళికూతురి పెద్దమ్మ లోపలికి వచ్చింది. వచ్చినామె ఊరికే చూసి పోకుండా నా దగ్గరే ఆగింది.

"గిదేంది, ఎడమచేత్తోని కోస్తున్నవ్? లగ్గమమ్మా ఇది!" అంది.

ఆఫియా కత్తి ఆగిపోయింది. నాదీ ఆగిందనుకుంటా, క్షణం. తర్వాత మళ్ళీ కోశాను. "కడుక్కున్న చెయ్యే, అమ్మా. నాకు కోసుడు వచ్చిన చెయ్యి గిదే" అన్నాను. చెయ్యి ఆపలేదు. ఆమె నన్ను వదిలి పొయ్యి దగ్గరున్న మీ అన్నను పట్టుకుంది. "ఏందయ్యా సీతారాం, నువ్వన్న జెప్పవా? గిది గుండిగల పడ్తదా?"

మీ అన్న గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. నా ముఖం చూడలేదు. కోసిన బేసిన్ ఎత్తుకుని పోయి, పోపు చిటపటలాడుతున్న గుండిగలో మొత్తం వంపేశాడు. "నా వంటల నా పెండ్లాం కోసిందే పడ్తది. మీకు వద్దంటె ఇప్పుడే పొయ్యి దించుత" అన్నాడు. ఆమె ఏదో గొణుక్కుంటూ పోయింది. ఆయన మళ్ళీ గరిటె అందుకున్నాడు, నావైపు తిరిగి, "ఏం జూస్తున్నవ్? క్యాప్సికం ఏది?" అని కసిరాడు. నాకు కళ్ళు నిండి కాసేపు క్యాప్సికం కనబడలేదు.

సాయంత్రం భోజనాలయ్యాక ఖైసర్ బేగం గారు వచ్చారు. మిగిలిన సలాడ్ చిటికెడు తీసి వెలుతురుకు పెట్టి చూశారు, నోట్లో వేసుకున్నారు. అందరినీ పిలిచి, "వచ్చే నెల కెల్లి హాల్ల తర్కారీ పని మొత్తం మీకే. జిమ్మేదారీ ఎవరిది? ఎవరి పేరు రాసుకోవాలె?" అని అడిగారు. ఇన్నేళ్ళూ ఏ హాల్లోనైనా సీతారాం వంట అని రాసుకోవడమే తప్ప ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. మీ అన్న నోరు తెరిచేలోపు నేను చెయ్యి ఎత్తాను.

ఎత్తాక చూసుకున్నాను, ఎడమచెయ్యి. ఆమె నా పేరు రాసుకునేదాకా దించలేదు.

నీ వదిన,
నాగమణి